సహవాసము, పాలు: తెలుగు క్రైస్తవ సంఘపు రెండు మాటలు

క్రైస్తవ విశ్వాసులకు తమలో తమకు గల సన్నిహిత బంధమును తెలుపుటకు తెలుగున రూఢమైన మాట ‘సహవాసము’. ఆదివారపు ఆరాధన ముగియునప్పుడు కాపరి చెప్పు ఆశీర్వచనములో ఈ మాట గలదు. ఇండ్లలో జరుగు ప్రార్థన కూటములలో గలదు. ఉద్యోగరీత్యా దూరపు పట్టణమునకు పోయిన విశ్వాసి తనకు అచ్చట సహవాసము దొరకినదనియో దొరకలేదనియో ఇంటికి వ్రాయును. ఆ ఒక్క మాటతో ఇంటివారు అతని క్షేమమును సగము గ్రహింతురు.

సంఘము వెలుపల ఈ మాటకు ఇంతటి గౌరవము లేదు. వాడుకలో ఇది ‘సావాసము’ అయినది. కూడి తిరుగువాడు సావాసగాడు. ఎవని నడవడియైనను చెడినప్పుడు సహవాసదోషమందురే గాని, బాగుపడినప్పుడు దాని పుణ్యమును సహవాసమునకు కట్టబెట్టుట అరుదు. ఆరునెలలు సావాసము చేసినచో వారు వీరగుదురన్న సామెత మాత్రము మంచిచెడ్డల ప్రసక్తి లేక, కలిసి మెలగుట వలన మనిషి మారుననెడి విషయమును చెప్పుచున్నది. మంచి కూడికను చెప్పవలసివచ్చినప్పుడు పండితులు సత్సాంగత్యమనిరి, సజ్జనగోష్ఠి యనిరి. ఇంత సామాన్యమైన మాటను దేవునితోడి బంధమునకును, విశ్వాసుల పరస్పర బంధమునకును ఒక్కటిగా వాడుట తెలుగు బైబిలు అనువాదకులు చేసిన సాహసము. దాని వలన సంఘమునకు చేకూరినదేమి, జారిపోయినదేమి యనునది భాషాపరిశోధకులు విచారింపదగిన విషయము.

మూలమున గల గ్రీకు మాట ‘కొయినోనియ’. దీనికి ఆధారము ‘కొయినోస్’, అనగా ఉమ్మడిది. ఒక వస్తువునందు పలువురికి భాగముండుట దీని మొదటి అర్థము. ఆ భాగము కారణముగా వారికి ఏర్పడు బంధము రెండవది. ఆ బంధమును పురస్కరించుకొని ఒకరు మరియొకరికి ఇచ్చు ద్రవ్యము మూడవది. క్రొత్త నిబంధనలో సుమారు ఇరువది చోట్ల వచ్చు ఈ మాట ఈ మూడర్థముల నడుమ సంచరించుచుండును. కొన్ని తావులలో మూడింటిని ఒక్కసారే మోయును. ఇట్టిదానిని ఒకే తెలుగు మాటతో తెచ్చుట సాధ్యము కాలేదు.

వాడుకలో నున్న తెలుగు బైబిలున ఈ మాట పొందిన రూపములను చూడవలెను. అపొస్తలుల కార్యములు 2:42లోను, యోహాను మొదటి పత్రిక మొదటి అధ్యాయములోను ‘సహవాసము’ అని యున్నది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 10:16లో, ప్రభువు బల్లను గూర్చిన సందర్భమున, ‘పాలుపుచ్చుకొనుట’ అయినది. గలతీయులకు వ్రాసిన పత్రిక 2:9లోను, ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 1:5లోను ‘పాలివారు’ అయినది. కొరింథీయుల రెండవ పత్రిక 6:14లో వెలుగు చీకట్ల ప్రసక్తి వచ్చినప్పుడు ‘పొత్తు’ అయినది. యెరూషలేములోని బీదలకై ధనము కూర్చిన సందర్భమున, రోమీయుల పత్రిక 15:26లో, ‘చందా’ అయినది. హెబ్రీయుల పత్రిక 13:16లో ‘ధర్మము’ అయినది. ఒక్క గ్రీకు మాటకై సంస్కృతము, దేశ్యము, పారసీకము మూడును మాటలు సమకూర్చినవి. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డె గ్రాంజి యను లండన్ మిషనరీలు ఆనందరాయరు సహాయముతో ఆరంభించిన పని, 1812 నాటి సువార్తల ముద్రణతో వెలుగు చూచి, 1854 నాటికి సంపూర్ణ గ్రంథమై, అటుపిమ్మట పలుమార్లు సంస్కరింపబడినది. కావున ఈ మాటల ఎన్నికను ఏ ఒక్కరి పాండిత్యమునకో ముడిపెట్టరాదు. పలు చేతులు, పలు తరముల చెవులు దీనిని తీర్చినవి.

ఇందు ‘పొత్తు’ను గూర్చి చెప్పవలసినది స్వల్పము. అది అచ్చ తెలుగు మాట. ఉమ్మడి వ్యాపారమునకును సేద్యమునకును చెల్లినది. ఐనను జనులకు ఉమ్మడిపై గల అనుమానము కూడ దానినంటుకొని యున్నది. పొత్తుల మగడు పుచ్చి చచ్చెనను సామెతను పుట్టించినవారికి, అందరిదైనది ఎవరిదియు కాదను సంగతి అనుభవమున తెలిసియుండవలెను. నేడు ఈ మాటను ఎన్నికల కాలమున రాజకీయపక్షములు అరువు తీసికొన్నవి. సంఘము దీనిని సొంతము చేసికొనలేదు. ఆ ఒక్క వాక్యముననే అది నిలిచిపోయినది.

‘పాలు’ కథ వేరు. పాలనగా భాగము. తండ్రి ఆస్తిలో కొడుకు పాలు, పంటలో పాలికాపు పాలు, పట్టిన చేపలలో పడవవాని పాలు. పాలివాడనగా భాగస్వామి, దాయాదియు పాలివాడే. కావున ఈ మాటలో లాభముతోపాటు నష్టమును, చుట్టరికముతోపాటు తగవును ఇమిడియున్నవి. లూకా సువార్త అయిదవ అధ్యాయమున వలలు పిగులునంతగా చేపలు పడినప్పుడు సీమోను సైగ చేసి పిలిచినది వేరొక దోనెలోని పాలివారిని. జెబెదయి కుమారులు అతనికి పాలివారని అదే ఘట్టమున మరల చెప్పబడినది. గ్రీకున ఆ రెండు తావులలో రెండు వేర్వేరు మాటలున్నను తెలుగు వానిని ఒక్క మాటలో కూర్చినది. అదే మాటను పౌలు తన సువార్త పనిలో తోడైన ఫిలిప్పీయులకు వాడినట్లు తెలుగు పాఠకుడు చదువుకొనును. జాలరుల దోనెలోని లెక్క, చెరసాలనుండి జాబు వ్రాయువాని కృతజ్ఞత ఒకే మాటలో కలిసికొన్నవి. సహవాసమను మాటకు ఈ శక్తి లేదు. సహవాసము చేయువాడు విసిగి లేచిపోవచ్చును. పాలివాడు లేచిపోయినచో లెక్క తేలదు.

ఇరుగుపొరుగు భాషలతో పోల్చినప్పుడు తెలుగు చేసిన ఎన్నిక మరింత స్పష్టమగును. తమిళ బైబిలు ప్రాచీనానువాదము అపొస్తలుల కార్యములలో ‘అన్నియోన్నియం’ అనియు, యోహాను పత్రికలో ‘ఐక్కియం’ అనియు వాడినది. కన్నడము యోహాను పత్రికలో ‘అన్యోన్యతె’ను గ్రహించినది. మలయాళము రెండు తావులలోను ‘కూట్టాయ్మ’ అను సొంత మాటతో సరిపెట్టుకొన్నది. కూడుటనుండి పుట్టిన ఆ మాట ఈ నాలుగింటిలో మిక్కిలి సహజమైనదని చెప్పుటకు సంకోచింపనక్కరలేదు. హిందీ ఒకచోట ‘సంగతి’ అనియు, ఒకచోట ‘సహభాగితా’ అనియు వేరుపరచినది. ఉత్తరదేశమున నివసించు తెలుగు విశ్వాసికి ఆ ‘సంగతి’ మొదట తికమక కలిగించును. మన సంగతి వేరు, వారి సంగతి వేరు.

తెలుగు అనువాదకులకు ఐక్యము, అన్యోన్యము రెండును చేతికందునవే. ఐనను విడిచిరి. కారణము ఊహింపదగినది. తెలుగున అన్యోన్యమనగానే దంపతులు తలపునకు వత్తురు. ఐక్యమనగా ఒకదానిలో మరియొకటి లీనమగుట. లింగైక్యము, శివైక్యము అను మాటలు వీరశైవము వలన ఈ నేలలో పాదుకొన్నవి. దేవునిలో భక్తుడు లీనమై వేరు లేకుండుట క్రైస్తవ సిద్ధాంతము కాదు. భక్తుడు భక్తుడుగానే, దేవుడు దేవుడుగానే ఉండి ఒక ఇంట వసించుట ఆ సిద్ధాంతమునకు తగిన చిత్రము. విశ్వాసుల పరస్పర సంబంధమును అట్టిదే. ఒకరిలో ఒకరు కరగిపోవుట గాక, ఎవరి ముఖము వారికుండి కూడియుండుట. ఎఫెసీయుల పత్రిక 4:3లో ‘ఐక్యము’ వచ్చినది గాని, అచ్చట గ్రీకు మాటయు వేరే. ఈ వివేకము తెలుగు అనువాదమునకు అలంకారము.

దీనికంటెను సూక్ష్మమైన విశేషము సర్వనామమునందు గలదు. తెలుగున ‘మేము’ అన్నచో వినువాడు వెలుపల నుండును, ‘మనము’ అన్నచో లోపలికి వచ్చును. గ్రీకునకు ఈ భేదము లేదు, హిందీకి లేదు, నేటి కన్నడము దానిని విడిచినది, తమిళ మలయాళములు నిలుపుకొన్నవి. యోహాను మొదటి పత్రిక 1:3లో రచయిత, తాము చూచినదానిని వినువారికి ప్రకటించుటలోని ఉద్దేశమును చెప్పుచు, మొదట వారికి తమతో సహవాసము కలుగవలెనని కోరి, పిమ్మట ఆ సహవాసము తండ్రితోను కుమారునితోను గలదని వివరించును. వాక్యము మొదటి భాగమున తెలుగు ‘మేము’, ‘మాతో’ అనుచున్నది. ఇది అనివార్యము. రెండవ భాగమునకు వచ్చుసరికి ‘మన’ అని మారినది. తమిళము అచ్చటను ‘ఎంగళుడైయ’ అనియే, మలయాళము ‘ఞంగళుడె’ అనియే యున్నవి. అనగా మాది, మీది ఇంకను కాదు. వ్యాకరణదృష్టితో తమిళ మలయాళముల మార్గమే సమంజసము. చూచినవారు వేరు, వినువారు వేరు. ఒక వాక్యము నడిమిలో వారిని కలిపివేయుటకు మూలమున ఆధారము చాలదు. ఉద్దేశమును బట్టి చూచినచో తెలుగే గెలిచినది. వినువాడు లోపలికి రావలెనని కోరిన రచయిత, ఆ కోరిక పలికి ముగించునంతలో అతనిని లోపల కూర్చుండబెట్టినాడు. నాలుగవ వచనమున సంతోషమునకును తెలుగు ‘మన’ యనియే చెప్పినది.

పరస్పరార్థమును తెలుపు తెలుగు నిర్మాణమును ఇచ్చట గమనింపదగినది. గ్రీకున ఒక్క మాటతో చెప్పు భావమునకు తెలుగు ఇద్దరిని నిలువబెట్టును: ఒకరినొకరు, ఒకరికొకరు, ఒకరితో నొకరు. ఒకరు కర్మ, ఒకరు కర్త, మరుక్షణమున తారుమారు. క్రొత్త నిబంధనలో ఆ గ్రీకు మాట సుమారు నూరు చోట్ల కలదు. ప్రేమించుట, భారము మోయుట, క్షమించుట, హెచ్చరించుట మున్నగు క్రియలతో అది కూడి వచ్చును. పాత తెలుగు పాఠమున కొన్నిచోట్ల ‘ఒకనినొకడు’ అని పురుషరూపమును, కొన్నిచోట్ల ‘ఒకరినొకరు’ అని ఉభయసామాన్యరూపమును కానవచ్చును. కూటములకు వచ్చువారిలో స్త్రీలెందరో కంటితో చూచిన వారికి రెండవదియే సరియైనదని తోచక మానదు.

ఇంతవరకు మాటల విచారము. మాటలకు నేల గలదు. సహవాసమను మాటలోని ‘వాసము’ తెలుగు పల్లెటూరిలో ఎట్లుండెనో చూడనిదే ఈ విచారము పూర్తి కాదు.

క్రైస్తవమతము తెలుగునాట పెద్దయెత్తున వ్యాపించినది మాల మాదిగ జనములలో. వారి ఇండ్లు ఊరిలో లేవు. ఊరు ఒకచోట, మాలపల్లె ఒకచోట, మాదిగగూడెము మరియొకచోట. బావులు వేరు, దారులు వేరు. వాసమే విభక్తమైన చోట సహవాసమను మాటకు వాచ్యార్థము నెరవేరుట అసంభవము. ఒంగోలు ప్రాంతమున ఈ చిక్కు ఆదిలోనే ఎదురైనది. అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరెను. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిది మందితో సంఘము స్థాపితమైనది. తాళ్ళకొండపాడునకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య యను మాదిగ భక్తుని మూలమున ఆ గ్రామములవారు రాసాగిరి. అగ్రవర్ణములవారిలో కొందరు, మాదిగలను చేర్చుకొననిచో తాము వచ్చెదమన్న భావమును వెలిబుచ్చిరి. క్లౌ దంపతులు వేర్వేరుగా క్రొత్త నిబంధన తెరచినప్పుడు ఇద్దరికిని కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయములోని ఒకే భాగము, లోకము నీచులని ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చినది, కంటబడెనని 1914లో వెలువడిన క్లౌ జీవితకథలో గలదు. వారు మాదిగలను చేర్చుకొనిరి. అగ్రవర్ణములవారు తొలగిరి. సంఖ్యను, పలుకుబడిని కోరిన ఏ సంస్థయు తేలికగా చేయజాలని ఎన్నిక యిది.

తరువాతి దశాబ్దమున వచ్చిన 1876–78 నాటి కరవులో క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని జనులకు పని కల్పించెను. సంఘపు బోధకులే మేస్త్రీలైరి. పలు గ్రామములనుండి వచ్చినవారు ఒకే పని తావున ఉండి, ఒకే మట్టి మోసి, మధ్యాహ్నపు విరామమున బోధకులతో కూర్చుండి మాటలాడుకొనిరి. కరవు కాలమున అన్నము కొరకు మతము పుచ్చుకొనిరన్న నింద రాకుండుటకై క్లౌ బాప్తిస్మములను నిలిపివేసెను. మరల ఆరంభించినప్పుడు, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్య చరిత్రకారులను ఆకర్షించినది. ఈ వ్యాసవిషయమునకు ముఖ్యమైనది సంఖ్య కాదు, దానికి ముందరి కాలువగట్టు. అచ్చట సహవాసము వాచ్యార్థముననే సహవాసమైనది, పాలును పాలైనది. బోధ వినుటకు ముందే వారు ఒకరి బరువు ఒకరు ఎరిగియుండిరి. సంఘచరిత్రకారులు ఈ భాగమును కరవు సహాయమను శీర్షిక క్రింద పెట్టి దాటిపోవుట న్యాయము కాదు.

ఐతే విభజనము సంఘము గడప వెలుపలనే ఆగిపోలేదు. ఒంగోలు ప్రాంతపు బాప్తిస్టు సంఘములలో మాదిగలు, గుంటూరు కృష్ణా ప్రాంతపు లూథరన్ సంఘములలో మాలలు అధికసంఖ్యాకులగుట చేత శాఖాభేదమే కులభేదమునకు ముసుగైన తావులు గలవు. తమిళదేశమున ఈ సమస్య ఇంకను ముందే తలయెత్తినది. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ సంఘములలో కులాచారము నిర్మూలింపబడవలెనని ఉత్తరువు చేయగా తంజావూరు, మద్రాసు సంఘములలో గొప్ప కలకలము పుట్టినది. వేర్వేరు చాపలపై కూర్చుండి ఒకే పాట పాడుటకు ఆ సంఘములలో ఎవరికిని అభ్యంతరము లేకుండెను. ఒకే పాత్రనుండి పుచ్చుకొనుట వచ్చినప్పుడే చిక్కు.

గలతీయుల పత్రిక రెండవ అధ్యాయము ఈ సందర్భమున మరల చదువదగినది. తొమ్మిదవ వచనమున యాకోబు, కేఫా, యోహాను పౌలును బర్నబాను పాలివారుగా గుర్తించి కుడిచేతిని ఇత్తురు. పదునొకండవ వచనమున కథ అంతియొకయకు మారును. అంతవరకు అన్యజనులతో కలిసి భుజించుచుండిన కేఫా, యాకోబునొద్దనుండి కొందరు రాగానే భయపడి వెనుకకు తీసి పంక్తినుండి వేరైపోయెను. పౌలు అందరియెదుట అతనిని నిలదీసెను. చేయి ఇచ్చుటకును, పంక్తిని విడుచుటకును నడుమ రెండే వచనముల ఎడము. భారతీయ పాఠకునికి ఇందు వ్యాఖ్యానము అక్కరలేదు. పాశ్చాత్య వ్యాఖ్యాతలు పుటలకొలది విడమరచు ఆ ఘట్టమును పంక్తిభేదము ఎరిగిన గ్రామస్థుడు ఒక్క చదువుతో గ్రహించును. తెలుగు అనువాదము అచ్చట సహవాసమనక ‘పాలివారు’ అనుట ఎంత ఔచిత్యము! పాలివారికే కదా తగవు, పాలివారికే కదా పంక్తి.

సహవాసము లేని ధర్మము ఎట్లుండునో చెప్పినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి సీమలో 1874లో పుట్టిన ఈ తమిళుడు 1909లో దోర్నకల్లు వచ్చి తెలుగు నేర్చి తెలుగువారి నడుమ పనిచేసెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన తొలి భారతీయుడయ్యెను. అంతకు రెండేండ్లు ముందు, 1910లో, ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సమావేశమున ముప్పదియైదేండ్ల వయస్సున ఆయన చేసిన ప్రసంగము సభను కలవరపరచినది. విదేశీయ మిషనరీలు బీదలకై సొమ్ము ధారవోసిరి, తమ దేహములను అర్పించిరి. ఆ త్యాగమునకు భారత సంఘము కృతజ్ఞత కలిగియుండును. కాని వారి ప్రేమను అడుగుచున్నాము, స్నేహితులను ఇండు, అని ఆయన వేడినట్లు తాత్పర్యము. కరచాలనములు, కుర్చీలు, తేనీటి విందులు మాత్రమే ఆయన కోరినవి కావు. అవి లేకపోవుట వెనుక నున్న దూరమును ఆయన చూపెను. ఆ సభలో కొందరికి ఇది కృతఘ్నతగా తోచినది. తెలుగు బైబిలు మాటలలో చెప్పినచో, చందా వచ్చినది, ధర్మము వచ్చినది, సహవాసము రాలేదు. ఒకే గ్రీకు మాట మూడు తెలుగు మాటలుగా చీలినప్పుడు ఒకదానిని ఇచ్చి రెండవదానిని దాచుకొనుట సాధ్యమగునని ఆయన ప్రసంగము వలన తెలియుచున్నది.

దీనికి విలోమముగా, పాలు లేని సహవాసమును గలదు. నేటి తెలుగున ‘పాల్గొను’ అను క్రియ ఇందుకు సాక్షి. పాలు, కొను కలిసి ఏర్పడిన ఈ మాటకు భాగము తీసికొనుట అని అర్థము. పత్రికాభాషలో అది హాజరగుట అయి కూర్చున్నది. సభలో పాల్గొన్నవాడు ఏ భాగమును కొనలేదు, ఏ భారమును మోయలేదు; వచ్చినాడు, కూర్చున్నాడు, పోయినాడు. సంఘభాషలో సహవాసమునకును ఇదే గతి పట్టుచున్నది. వారమున కొకసారి కూడుటయే సహవాసమని, దానికి రాకుండుట సహవాసమును కోలుపోవుటయని వాడుక స్థిరపడినది. వాసము కూడికయైనది, కూడిక హాజరైనది. పాత అర్థము చెక్కుచెదరక నిలిచిన తావు ప్రభువు బల్ల ఒక్కటే. అచ్చట నేటికిని ‘పాలుపుచ్చుకొందురు’, ‘పాలుపొందుదురు’. 1836లో నరసాపురము ప్రాంతమునకు వచ్చిన బౌడెన్, బీర్ అను సహోదర సంఘీయుల ప్రభావము గల గోదావరి తీరపు కూడికలలో వారము వారము రొట్టె విరుచు ఆచారము ఉండుట చేత ఈ మాట అచ్చట మరింత సజీవము.

పాలు జీవించియుండిన మరియొక తావు వంటయిల్లు. అన్నము వండుటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు వేరుగా తీసి కుండలో దాచి, ఆదివారమున గుడికి తెచ్చు ఆచారమును తెలుగు సంఘముల స్త్రీలు పాటించిరి. మిజోరాములో 1910లో ఆరంభమైన ‘బుహ్‌ఫాయి థామ్’ ఇట్టిదే. నేటికిని ఆ సంఘమునకు గొప్ప ఆధారము. ఇది చందా కాదు, ఏలయన రసీదు లేదు. ధర్మమును కాదు, ఏలయన ఇచ్చునామె తానును బీదరాలే. తన ఇంటి కూటిలో సంఘమునకు ఒక పాలున్నదని దినమునకు రెండుసార్లు తన చేతితో ఒప్పుకొనుట. అపొస్తలుల కార్యములలో తెలుగు ‘సమష్టి’ యని చెప్పిన ఉమ్మడి జీవనమునకు ఒక పల్లెటూరి ఇల్లాలు చేయగలిగిన అనువాదమిది.

భోజనము విషయమున ఇరువదవ శతాబ్దిలో చెప్పదగిన ప్రయత్నము భక్తసింగు సమావేశములు. పంజాబున 1903లో జన్మించిన ఆయన 1941లో మద్రాసునను, 1950లో హైదరాబాదు హెబ్రోనునను సంఘములను స్థాపించెను. 2000లో హైదరాబాదుననే మరణించెను. హెబ్రోను మహాసమావేశములకు వచ్చిన వేలమంది నేలపై చాపలు పరచుకొని వరుసలుగా కూర్చుండి ఒకే వంట తినిరి. దానిని ప్రేమవిందు అనిరి. అందు ఉపన్యాసమున కులమును ఖండించుటకంటె పక్కన కూర్చున్నవాని కులము తెలియక తినుట గొప్ప పాఠము. ఆ పంక్తిలో తిని ఇంటికి పోయిన తరువాత పెండ్లిసంబంధములు చూచునప్పుడు పూర్వపు లెక్కలే మరల వచ్చుటయు సత్యమే. ఒక్క పూట భోజనముతో తీరు చిక్కు కాదది.

పాట మాత్రము ఈ హద్దులను తేలికగా దాటినది. పర్లాకిమిడి ప్రాంతీయుడైన పురుషోత్తమ చౌదరి (1803–1890) రచించిన కీర్తనలు బాప్తిస్టు, లూథరన్, ఆంగ్లికను భేదము లేక ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటము ద్వారా అందరివి అయినవి. పల్లవిని ఒకరు ఎత్తుకొనగా అందరును అందుకొను భజనపద్ధతి, చదువురాని వారిని సైతము వెలుపల ఉంచలేదు. శాఖలు ఒప్పందపత్రములు వ్రాసికొనుటకు ముందే వారి కీర్తనలు కలిసిపోయినవి. 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడునప్పటికి ఆ విలీనమున చేరినవారును చేరనివారును చాలకాలముగా ఒకే పాటల పుస్తకము చేతబట్టియుండిరి.

సహవాసము లేమి ఎట్టిదో తెలుగు సాహిత్యమున చూపినది జాషువ (1895–1971). 1941 నాటి ‘గబ్బిలము’ కావ్యమున అంటరానివాడు తన గోడును కాశీ విశ్వనాథునికి చేర్చుటకు గుడిలోనికి పోగల ప్రాణి ఒక గబ్బిలమే యని దానిని బతిమాలును. మేఘసందేశమున యక్షుడు భార్యకు దూరమై మేఘమును పిలిచెను. ఇతడు మనుష్యులందరి నడుమ ఉండి మనిషి దొరకక పక్షి కాని పక్షిని పిలిచెను. అదే కవి తరువాత ‘క్రీస్తు చరిత్ర’ వ్రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందెను. ఈ రెండు కావ్యములను పక్కపక్కన పెట్టి చదివిన విద్యార్థికి సహవాసమను మాట విలువ నిఘంటువు చెప్పినదానికంటె ఎక్కువ బోధపడును.

తెలుగునాడు విడిచిపోయిన విశ్వాసులలో పాలు, సహవాసము మరల దగ్గరగుట ఒక వింత. నాటాలునకు చెరకుతోటల కూలీలుగా పోయిన తెలుగువారికై 1903లో జాన్ రంగయ్య యను బాప్తిస్టు బోధకుని తెలుగు సంఘములే తమ ఖర్చుతో పంపినవి. అంతవరకు పరదేశముల ధర్మమును పుచ్చుకొన్న సంఘములు తాము పాలివారై మరియొక ఖండమునకు చేయి చాచినవి. పరాయిదేశమున భాష ఒక్కటే ఊరు. అచ్చట ఊరికి పల్లెకు నడుమ నున్న దారి తనంత తానే తరిగిపోయినది. భారతదేశపు ఇతర నగరములలోని తెలుగు సంఘములలోను ఇట్టిదే కొంతవరకు కాననగును. సంఖ్య పెరిగి రెండవ గుడి కట్టుకొనునంతవరకు.

సర్వనామము మాట మరల తలచుకొనవలసియున్నది. తెలుగు విశ్వాసి ప్రార్థించునప్పుడు ‘మా తండ్రీ’ యనును; వినువాడు దేవుడు గనుక అది వ్యాకరణము. కన్నులు తెరచి పక్కవారితో మాటలాడునప్పుడు ‘మన తండ్రి’ యనవలెను, అట్లే యనును. సంఘమును గూర్చి చెప్పవలసివచ్చినప్పుడు మాత్రము, రైలులో ఎదుటి పలకపై కూర్చున్న తోటి విశ్వాసి ‘మీది ఏ సంఘము?’ అని అడుగును. ఇతడు ‘మాది’ అని మొదలుపెట్టును.